ఎక్కువమందికి నచ్చితే చాలా? పాపులర్ కల్చర్ గురించి ఒక పాత సినిమా ఆఫీసు మనిషి సమాధానం

అడిగిన ప్రశ్న: “డిగ్రీ సోషియాలజీ చదువుతున్నాను. పాపులర్ కల్చర్ అంటే ఏమిటి, దాని ముఖ్య లక్షణాలేమిటి? నోట్సులో ‘ఎక్కువమంది ఇష్టపడే సంస్కృతి’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. సినిమా, క్రికెట్, రీల్స్ వస్తాయని తెలుసు. కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్ల ప్రభలు, బుర్రకథ కూడా అందులోకే వస్తాయా, లేక అవి జానపదమా?”

మీ నోట్సులో ఉన్నది తప్పు కాదండీ, కానీ దాంతో బండి ఎక్కువ దూరం నడవదు. మన ఇళ్లలో అందరూ ఆవకాయ తింటారు, అందరికీ ఇష్టమే. అంతమాత్రాన అమ్మ జాడీలోంచి తీసి వేసిన ముక్క పాపులర్ కల్చర్ అయిపోదు. అదే ఆవకాయ మీద జోకులు పుట్టి, అమెరికా వెళ్లే కొడుకు సూట్‌కేసులో సీసా కుక్కే అమ్మ అనే బొమ్మ ఒకటి అందరి బుర్రలో తయారై, ముక్కూ మొహం తెలియని ఇద్దరు దాన్ని చూసి ఒకేలా నవ్వుకుంటే అప్పుడు అయింది. సరుకు అదే, జనం దాంతో చేస్తున్న పని మారింది. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు నా సంగతి. విజయవాడ గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. మొదట్లో రిప్రజెంటేటివ్‌ని. అంటే ప్రింటు బాక్సు వెంట ఊరూరూ తిరిగి, థియేటర్లో టికెట్ల లెక్క సరిచూసి, డీసీఆర్ అని పిలిచే రోజువారీ కలెక్షన్ రిపోర్టు ఆఫీసుకు పంపేవాణ్ణి. తర్వాత బుకింగ్ సీట్లోకి వచ్చాను. మధ్యలో దూరవిద్యలో ఎం.ఏ. సోషియాలజీ కట్టి పాసయ్యాను. రిటైరయ్యాక గుంటూరులో ఒక కాలేజీలో కొన్నాళ్లు గెస్టుగా ఈ పేపరే చెప్పాను. కాబట్టి పుస్తకంలో మాట, నేల టికెట్లో మాట రెండూ కలిసే వస్తాయి, సర్దుకోండి.

అసలు చిక్కు పేరు దగ్గరే మొదలవుతుంది. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. ఒకరు జనాదరణ సంస్కృతి అంటారు. ఇంకొకరు జనరంజక సంస్కృతి అంటారు. ప్రజా సంస్కృతి అనేవాళ్లున్నారు, మా బెజవాడలో ఆ మాట వినగానే ఎర్రజెండా గుర్తొస్తుంది. ఒళ్లు మండినవాళ్లు బజారు సరుకు, చౌకబారు అని ఒక్క ముక్కలో తేలుస్తారు. ఇవన్నీ ఒకే దానికి పేర్లు అనుకుంటాం గానీ ఒక్కొక్కటి ఒక్కో సంగతి చెబుతోంది. జనాదరణ అంటే చాలామందికి నచ్చింది. జనరంజకం అంటే జనం మెప్పు కోసం పనిగట్టుకుని చేసింది. ప్రజా అంటే జనమే తమ కోసం చేసుకున్నది. చౌకబారు అంటే పై రకం కానిది. బ్రిటన్‌కు చెందిన విమర్శకుడు రేమండ్ విలియమ్స్ 1976లో ‘పాపులర్’ అనే మాటను విప్పి చూపించినప్పుడు సరిగ్గా ఈ నాలుగు అర్థాలే పైకి తీశాడు. ఇంగ్లీషువాళ్లు నాలుగింటినీ ఒక్క మాటలో కుక్కారు, మనం నాలుగు మాటలు పెట్టుకుని ఏది వాడాలో తెలియక కొట్టుకుంటున్నాం. పరీక్షలో ఈ నాలుగూ రాసి, ఇవి ఒకదానితో ఒకటి పొసగవని కూడా రాయండి. పొసగకపోవడమే ఆ విషయం స్వభావం.

ఇక ‘మెప్పు కోసం చేసింది’ అనే అర్థం చూద్దాం, అది మా ఆఫీసు వ్యవహారం కాబట్టి. జర్మనీలో నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరిన అడోర్నో, హోర్క్‌హైమర్ అనే ఇద్దరు తత్వవేత్తలు 1940లలో ‘సంస్కృతి పరిశ్రమ’ అనే మాట తెచ్చారు. ‘జనసామాన్య సంస్కృతి’ అంటే అది జనంలోంచి పుట్టిందనే భ్రమ కలుగుతుందని కావాలనే ఆ మాట మార్చారు. వాళ్ల లెక్కలో సినిమా, పాట అన్నీ కారు విడిభాగాల్లా ఫ్యాక్టరీలో అచ్చుపోసినవే. పైకి రంగు మారుతుంది, లోపల ఇంజను ఒకటే. జనం దాన్ని తిని కూర్చుంటారు, ఎదురు ప్రశ్న వేయరు.

మా ఆఫీసు చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. ఆంధ్రదేశాన్ని నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ముక్కలు చేసి, సినిమాను ముక్కకింతని బేరం పెట్టే వ్యాపారం మాది. ఊళ్లను ఏ సెంటరు, బీ సెంటరు, సీ సెంటరు అని మనుషులకు గ్రేడు వేసినట్టు వేసేవాళ్లం. ఇన్ని పాటలు, ఇన్ని ఫైట్లు, ఒక కామెడీ ట్రాకు ఉన్నాయా లేదా అని కిరాణా చీటీలా టిక్కు పెట్టుకుని కొనేవాళ్లూ ఉండేవాళ్లు.

కానీ అచ్చుపోసినంత మాత్రాన అమ్ముడుపోయేటట్టయితే మా ఓనరు ఎందుకు మునిగాడు? ఒక ఏడాది కృష్ణా, గుంటూరు రెండు ఏరియాలకూ ఒక సినిమా కొన్నాడు. పెద్ద హీరో, పెద్ద బ్యానరు, పాటలు అప్పటికే ప్రతి టీ బంకులో మోగుతున్నాయి. తీసుకోమని గట్టిగా చెప్పిన వాళ్లలో నేనూ ఉన్నాను. మొదటి రోజు మ్యాట్నీ వదిలాక బయటికొచ్చే జనం మొహాలు చూశాను. ఎవరూ తిట్టడం లేదు, ఏమీ మాట్లాడుకోవడం లేదు, సైకిళ్లు తీసుకుని వెళ్లిపోతున్నారు. తిడితే ఇంకా ఆశ ఉండేది. ఆ మౌనం చూసి నాకు కడుపులో తిప్పేసింది. రెండో వారానికి బాక్సులు వెనక్కొచ్చాయి. ఆ సీజన్లోనే ఎవరికీ పేరు తెలియని నటులతో తీసిన ఒక చిన్న సినిమాకి ప్రింట్లు చాలక, ఒకే ప్రింటును రెండు థియేటర్ల మధ్య సైకిలు మీద రీళ్లు మార్చుకుంటూ ఆడించాం. చేసేవాడి చేతిలో ఉన్నది సరుకు వరకే. దాన్ని పాపులర్ చేయడం అవతలివాళ్ల చేతిలో ఉంది.

ఆ అవతలివాళ్లు ఎలా ఉంటారో చెబుతాను. 1980లలో రేపల్లె వైపు ఒక పల్లెటూరి థియేటరు. ఆ చిన్న సినిమాయే, మూడో వారం, సెకండ్ షో. నేను బుకింగ్ దగ్గర కూర్చుని చించిన టికెట్ ముక్కలు లెక్కపెట్టుకుంటున్నాను. ఆపరేటరు నిద్రమత్తులో ఒక రీలు దాటేసి తర్వాతది ఎక్కించాడు. కథ తెలియనివాడికి అసలు తెలిసేదే కాదు. క్షణంలో నేల క్లాసు మొత్తం లేచింది. “ఒరే, పెళ్లిచూపులేవిరా? అవతల ఆయన ఏడ్చేది ఏదిరా?” అని తెర మీద వెలుతురు పడకుండా చేతులు అడ్డం పెట్టేశారు. బొమ్మ ఆపి, రీలు మార్చి వేస్తే గానీ కూర్చోలేదు. అందులో సగంమంది నాలుగోసారో ఐదోసారో చూస్తున్నవాళ్లు. మా ఆఫీసు లెక్కలో ఆ సినిమా మాది. కాగితాలున్నాయి, సంతకాలున్నాయి. ఆ రాత్రి అక్కడ మాత్రం వాళ్లు తమ సినిమాను ఎవడో సరిగ్గా వేస్తున్నాడో లేదో చూసుకుంటున్న యజమానుల్లా ఉన్నారు.

దీన్నే తర్వాతి తరం పండితులు ఇంకోలా చెప్పారు. పరిశ్రమ ఇచ్చేది ముడిసరుకేనని, జనం వాడుకలోనే అది పాపులర్ కల్చర్ అవుతుందని జాన్ ఫిస్క్ అన్నాడు. స్టూవర్ట్ హాల్ మరీ అంత దూరం పోలేదు. ఆయన దృష్టిలో అది పైవాళ్లకూ కిందవాళ్లకూ మధ్య ఎప్పుడూ సాగే పెనుగులాట. నేను హాల్ పక్షం. ఫిస్క్ మాట వింటే జనం ఎప్పుడూ గెలుస్తున్నట్టే ఉంటుంది, నేల టికెట్ ధర పెంచినప్పుడు ఎవరు గెలిచారో నాకు తెలుసు.

ఆ పెనుగులాటకు మంచి ఉదాహరణ రేడియో. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. 1952లో బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార ప్రసారాల మంత్రి అయ్యాక, సినిమా పాటలు జనం అభిరుచిని పాడుచేస్తున్నాయని ఆకాశవాణిలో వాటిని దాదాపు ఆపేయించారు. జనం ధర్నాలేం చేయలేదు. ముల్లు తిప్పి, శ్రీలంక నుంచి సినిమా పాటలు వేసే రేడియో సిలోన్ పెట్టుకున్నారు. చివరకు 1957 అక్టోబరులో ప్రభుత్వమే వివిధ భారతి తెచ్చి పాటలు వేయాల్సి వచ్చింది. ఇది జనం గెలిచిన కథగా చెబుతుంటారు, సగమే నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆ కాలంలోనే విజయవాడ కేంద్రం భక్తిరంజని, లలిత సంగీతం అంటూ వినిపించినవి కూడా ఇళ్లలోకి దూరిపోయాయి. మా ఇంట్లో కాఫీ డికాక్షన్ దిగేది భక్తిరంజని టైముకే. సర్కారు వేసినా, మద్రాసు స్టూడియో వేసినా జనానికి పట్టింపు లేదు. వద్దంటే మాత్రం పట్టింపు వస్తుంది.

ఇప్పుడు మీరు అడిగిన ‘లక్షణాలు’. వరసగా అంకెలు వేసి రాయను, మీరు వేసుకోండి.

దాన్ని అర్థం చేసుకోవడానికి ట్యూషన్ అక్కర్లేదు. కర్ణాటక సంగీతంలో తాళం తెలియనివాడు కచేరీలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడతాడు. సినిమా పాటకు ఆ ఇబ్బంది లేదు. రెండోది, పాతదీ కొత్తదీ కలిసే ఉండాలి. మొత్తం పాతదైతే విసుగు, మొత్తం కొత్తదైతే బెదురు. మా బుకింగ్ భాషలో “అదే, కానీ వేరే” అనేవాళ్లం, అంతకు మించిన నిర్వచనం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అచ్చు, రికార్డు, రేడియో, తెర, ఫోను లాంటి ఏదో ఒక యంత్రం దాన్ని ఒకరికొకరు తెలియని మనుషులకు చేరవేస్తుంది. జానపదానికీ దీనికీ ముఖ్యమైన తేడా ఇక్కడే. వీధి చివర తోలుబొమ్మలాట ఆడినాయన మీ తాతకు తెలుసు, తాత ఆయనకు తెలుసు. పాపులర్ కల్చర్‌లో ఆ పరిచయం ఉండదు. ఉండదు గాబట్టే ఇంకో పని చేస్తుంది: పరిచయం లేనివాళ్లకు మాట కలుపుతుంది. పినాకిని రైల్లో ఎదురు సీటాయనతో ఆస్తి గొడవలు మాట్లాడలేరు, నిన్నటి మ్యాచ్ గురించి నెల్లూరు దాకా మాట్లాడొచ్చు.

త్వరగా పుట్టి త్వరగా పోతుందనేది కూడా లక్షణంగా రాస్తారు. రాయండి గానీ పూర్తిగా నమ్మకండి. గుంటూరులో ఆటో ఎక్కి నాజ్ సెంటర్ అనండి, విజయవాడలో అలంకార్ సెంటర్ అనండి, విజయా టాకీస్ అనండి. సినిమా హాలు పేరు ఊరి చిరునామా అయి కూర్చుంది. ఆ పేరు చెప్పి దిగేవాళ్లలో ఎంతమంది ఆ హాల్లో సినిమా చూసి ఉంటారు? పాపులర్ కల్చర్ కొంత ఇలా నేలలోకి ఇంకిపోతుంది.

‘చౌకబారు’ అనే ముద్ర దగ్గర కొంచెం ఆగాలి. ముద్ర వేసేదెవరు, ఎవరి మీద అని అడగండి. వారపత్రికల సీరియళ్లు ఊపు మీదున్న రోజుల్లో మా పిన్ని గవర్నరుపేటలో ఉండేది. అద్దె పుస్తకాల షాపు నుంచి నవల తెచ్చే డ్యూటీ నాది. పిన్ని చదివి, పక్కింటావిడకిచ్చి, ఆవిడ చదివాక ఇద్దరూ పిట్టగోడకు అటొకరు ఇటొకరు నిలబడి హీరోయిన్ చేసింది తప్పా ఒప్పా అని వాదించుకునేవాళ్లు. బాబాయి ‘వంటింటి సాహిత్యం’ అని వెక్కిరించేవాడు. అదే బాబాయి రాత్రి దిండు కింద డిటెక్టివ్ నవల పెట్టుకుని పడుకునేవాడు. ఆయన చదివేది కాలక్షేపం, ఆవిడ చదివేది చౌకబారు! ముద్రలన్నీ ఇంత ఎబ్బెట్టుగా ఉంటాయని కాదు గానీ, చాలావాటి వెనక ఇలాంటి తగాదాయే ఉంటుంది. కులం తగాదా కూడా ఉంటుంది, అది రాయడానికి ఇంకో సమాధానం కావాలి.

పైది, కిందది అనే గీత ఒకచోట నిలబడదు కూడా. తిరుపతి వేంకట కవులు రాసిన పాండవోద్యోగ విజయాల్లో ‘జెండాపై కపిరాజు’ ఉంది. అది శార్దూల విక్రీడితం. క్లాసులో గణాలు కట్టమంటే ఇప్పటి పిల్లలకు చెమటలు పడతాయి. ఆ పద్యాన్ని మా కృష్ణా, గుంటూరు పల్లెల్లో సంతకం కూడా రాని రైతుకూలీలు రాగం తీసి పాడేవాళ్లు, స్టేజీ మీద కృష్ణుడు తగ్గించి పాడితే ‘వన్స్‌మోర్’ కొట్టి మళ్లీ పాడించేవాళ్లు. అవధానుల పద్యం కళ్లంలోకి వచ్చేసింది. ఇప్పుడది మళ్లీ పైకెక్కుతోంది, పద్య నాటక పరిషత్తుల్లో శాలువాల మధ్య వినాల్సినదైపోయింది.

కోటప్పకొండ సంగతి. ప్రభ కట్టడం మీరు దగ్గర్నుంచి చూశారో లేదో. మా తోడల్లుడిది చిలకలూరిపేట దగ్గర పల్లె. ఒక శివరాత్రికి వాళ్లతోపాటు వెళ్లాను. ఒకప్పుడు కర్ర, వెదురుతో కట్టేవాళ్లట, ఇప్పుడు ఇనుప చట్రం. 80, 90 అడుగుల ఎత్తు, ఆ చట్రం నిండా బల్బులతో డిజైన్లు, మధ్యలో శివుడు, పైన ఊరి పేరు. అది రోడ్డు మీద కదలాలంటే కరెంటువాళ్లు లైన్లు ఆపి తీగలు తప్పించాలి. దాన్ని లాగేవాళ్లు “చేదుకో కోటయ్యా, చేదుకో” అని అరుస్తుంటే ఒళ్లు జలదరించింది, నాకు పెద్ద భక్తి లేకపోయినా. కొండ కింద నిలబెట్టాక, అదే ప్రభ ముందు స్టేజీ వేసి, ఆ ఏడాది హిట్ పాటలకు డాన్సులు. నా పక్కన ఒక ముసలమ్మ. ముందు వెళ్లి ప్రభకు పసుపు కుంకుమ పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది, మొక్కు తీర్చుకుంది. తర్వాత గోనెపట్టా పరుచుకుని, కాళ్లు చాపుకుని డాన్సు చూస్తూ కూర్చుంది. “ఆ పిల్ల నిరుడు కూడా వచ్చింది, ఈసారి చిక్కింది పాపం” అంది నాతో. ఆవిడకు ఇక్కడిదాకా భక్తి, ఇక్కణ్ణించి వినోదం అనే గీత లేదు. గీత నాకు ఉంది, మీ సిలబస్‌కు ఉంది.

కాబట్టి ప్రభ జానపదమా, పాపులర్ కల్చరా అంటే, చందా వేసుకుని, తరతరాల మొక్కుగా ఊరు కట్టుకునేంతవరకూ జానపదం. కానీ ఏ ఊరి ప్రభ ఎత్తు అని ఫోన్లలో వీడియోలు పెట్టి, హైదరాబాదులో ఉద్యోగం చేసే ఆ ఊరి కుర్రాడు పక్క ఊరివాడితో వాట్సాప్‌లో పోటీ పడుతుంటే అది రెండోది కూడా. రెండు పేర్లూ ఒకే ప్రభ మీద రాయొచ్చు, మార్కులు తగ్గవు.

మీమ్స్ గురించి పొడిగా చెప్పి వదిలేస్తాను, మీకే ఎక్కువ తెలుసు. మా సత్తెనపల్లి ప్రాంతం నుంచే వెళ్లిన బ్రహ్మానందం గారి మొహం లేకుండా ఇప్పుడు తెలుగువాడు వాట్సాప్‌లో చిరాకు పడలేడు. సినిమా పేరు మర్చిపోతారు, కథ మర్చిపోతారు, ఆ చూపు ఒక్కటి మిగులుతుంది. దాన్ని కోసి, మాట తగిలించి పంపేవాడికి పైసా రాదు, ఎవరి అనుమతీ లేదు. రేపల్లె నేల క్లాసుకు రీలు కత్తిరించే కత్తెర దొరికి ఉంటే ఇదే చేసి ఉండేవాళ్లు.

ఇక బుర్రకథ. మీరు జానపదంలో వేసేసి ఉంటారు, తొందరపడకండి. జంగం కథగా తిరిగిన పాత రూపాన్ని 1940లలో కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి తీసుకుంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి షేక్ నాజర్ చేతిలో అది ఊళ్లకు ఊళ్లను కదిలించే ఆట అయింది. మధ్యలో తంబుర పట్టుకున్న కథకుడు, ఒక పక్క హాస్యం, ఇంకో పక్క రాజకీయం. ఆ రాజకీయం చెప్పేవాడి పని కథను ఆపి ఈ రోజు ధరలు, ఈ ఊరి పెత్తందారు, ఈ సర్కారు గురించి ఒక పోటు పొడవడం. పాత బాణీ, ఈ రోజు కబురు. నేను పైన చెప్పిన “అదే, కానీ వేరే” ఇదే. ఆ రోజుల్లో అది నిఖార్సైన పాపులర్ కల్చర్. నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది. కళ గౌరవం ఎక్కేసరికి జనం వేరే చోటికి వెళ్లిపోయి ఉండటం చాలా కళల విషయంలో చూశాను.

మొన్నామధ్య విజయవాడలో ఏదో పథకం ప్రచారానికి ఒక బుర్రకథ దళం వచ్చింది. ముందు వరసలో కుర్చీలు ఖాళీ, వెనక పిల్లలు ఫోన్లలో తలలు పెట్టుకుని ఉన్నారు. హాస్యం చెప్పే కుర్రాడు ఉన్నట్టుండి ఒక మీమ్ డైలాగు విసిరాడు. తలలన్నీ ఒక్కసారి లేచాయి, ఒకడు రికార్డు చేశాడు కూడా. సాయంత్రానికి ఆ ఇరవై సెకన్ల ముక్క మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. నిలువు వీడియో కదా, తంబుర పట్టుకున్నాయన సగమే పడ్డాడు.